సర్టిఫికెట్ గోడ మీద, కార్మికుడు గేటు బయట

నౌబాద్‌లో మా ఆదివారం ఆరాధనకు వచ్చే ఇద్దరు యువకులు కొంతకాలంగా ఒకే బెంచీ మీద కూర్చోవడం లేదు. ఇద్దరూ వాహనాల విడిభాగాలు తయారుచేసే చోట పనిచేసేవాళ్లే. ఒకతను సమ్మెలో గేటు బయట కూర్చున్నాడు. ఇంకొకతన్ని కాంట్రాక్టరు అవే రోజుల్లో ఆ గేటు లోపలికి తీసుకెళ్లాడు. ఉదయం ప్రెస్సు దగ్గర నిలబెట్టారట, మధ్యాహ్నానికల్లా శిక్షణ పూర్తయినట్టు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారట. "ఆడిట్ ఉందట, అయ్యగారూ" అన్నాడు మాతో.

ఆ ఆడిట్ ఐఏటీఎఫ్ 16949 అనే నాణ్యతా ప్రమాణానికి సంబంధించింది. పాత ఐఎస్ఓ/టీఎస్ 16949 స్థానంలో 2016లో వచ్చింది. ఫోర్డ్, జనరల్ మోటార్స్ వంటి కంపెనీలు తమకు విడిభాగాలు అమ్మేవారి నుంచి దీన్ని కోరతాయి. సర్టిఫికెట్ గడువు మూడేళ్లు. మధ్యలోనూ తనిఖీలు ఉంటాయి. ఇక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం ఉంది. వాహన పరిశ్రమ మీద ఆశపెట్టుకున్న కుటుంబాలు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నాయి. అందుకే "సమ్మె చేస్తే సర్టిఫికెట్ పోతుంది, అది పోతే ఆర్డర్లు పోతాయి, తర్వాత మీ ఉద్యోగాలే పోతాయి" అనే మాట ఇక్కడ ఇంత బలంగా పనిచేస్తుంది.

ఆ భయం ఉత్తది కాదు. 2009లో గుర్‌గావ్‌లోని రికో ఆటో కార్మికుల సస్పెన్షన్లతో మొదలైన గొడవ వారాల తరబడి సాగింది. అక్టోబరులో గేటు దగ్గర జరిగిన ఘర్షణలో ఒక కార్మికుడు చనిపోయాడు. ఇక్కడి నుంచి భాగాలు అందక అమెరికాలో జనరల్ మోటార్స్, కెనడాలో ఫోర్డ్ తమ కర్మాగారాల్లో ఉత్పత్తి ఆపుకోవలసి వచ్చింది. డెట్రాయిట్ వైపు నుంచి చూస్తే అది సరఫరా సమస్య. గుర్‌గావ్‌లో అది ఒక ఇంట్లో శవం. మనం మొదట ఏ వైపు నుంచి చూస్తామన్నది చిన్న విషయం కాదు.

ఇంతకీ ఆ ప్రమాణం ఏం చెబుతోంది? కార్మికుల కొరత వస్తే ఏం చేయాలో యాజమాన్యం ముందే ప్రణాళిక రాసుకోవాలని, దాన్ని ఏడాదికోసారైనా సమీక్షించాలని, అది పనిచేస్తుందో లేదో పరీక్షించి చూడాలని చెబుతోంది. కొత్త పనిలో పెట్టిన ఎవరికైనా, కాంట్రాక్టు కార్మికుడికైనా సరే, ఆ పనిలో శిక్షణ ఇవ్వాలంటోంది. ఆగిన ఉత్పత్తి మళ్లీ మొదలైతే తయారైన భాగం కొలతకు తగ్గట్టు ఉందో లేదో సరిచూడాలంటోంది. నాణ్యత బాధ్యత ఉన్నవారికి ఉత్పత్తి ఆపే అధికారం కూడా ఉండాలంటోంది. మొదటి పూటే ప్రెస్సు ముందు నిలబడిన కుర్రవాడికి ఆపే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? చదివి చూస్తే ఈ ప్రమాణం చాలావరకు పని తెలిసిన చేతుల పక్షానే మాట్లాడుతోంది. సమ్మె చేసిన కార్మికుడి కంటే, మధ్యాహ్నం పెట్టించుకున్న ఆ సంతకమే సర్టిఫికెట్‌కు పెద్ద ప్రమాదం. ఆ ప్రెస్సులో తయారైనది రేపు ఎవరి బండి బ్రేకులోనో ఉంటుంది. సంచిలో రెండు రకాల తూనికరాళ్లు పెట్టుకోవద్దని ద్వితీయోపదేశకాండం చెప్పింది బియ్యం కొట్టువాడికి మాత్రమేనా?

చట్టం కూడా ఈ విషయంలో మూగది కాదు. చట్టబద్ధమైన సమ్మె జరుగుతుండగా కొత్తవారిని పనిలోకి తీసుకోవడం అక్రమ కార్మిక విధానమని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం పేర్కొంది. సమ్మె చేసినవారు తిరిగి పనిలోకి రావాలంటే సత్ప్రవర్తన పత్రం రాసివ్వాలని పట్టుబట్టడమూ ఆ జాబితాలోనే ఉంది. అయినా 2011లో మానేసర్‌లోని మారుతి కర్మాగారం గేటు దగ్గర సరిగ్గా అలాంటి పత్రమే అడిగారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఏ పరిశ్రమలోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి చేసింది. ఇది కార్మికుడి చేతిని కట్టే నియమమే అని మేము అనుకుంటున్నాం. అయితే ఆ 14 రోజులు యాజమాన్యానికీ దొరికినట్టే కదా! సరుకు నిల్వ చేసుకోవచ్చు, కొనేవారికి పరిస్థితి చెప్పవచ్చు, అన్నిటికంటే ముందు యూనియన్‌ను పిలిచి మాట్లాడవచ్చు. కార్మికుల కొరతకు రాసే ప్రణాళికలో మొదటి పంక్తి కాంట్రాక్టరు ఫోన్ నంబరు ఎందుకు కావాలి?

సమ్మె చేసే సహోదరులకూ ఒక మాట. యంత్రాన్ని భద్రంగా ఆపి, సగంలో ఉన్న సరుకుకు గుర్తు పెట్టి, గేజీలను చోటులో ఉంచి బయటికి రండి. ఏ పరిస్థితిలో పని వదిలారో రాసి ఒక ప్రతి మీ దగ్గర పెట్టుకోండి. రేపు నాణ్యత చెడితే నింద మొదట వచ్చేది మీ మీదికే.

ఆ ఇద్దరినీ వచ్చే శనివారం భోజనానికి పిలిచాం. బయట కూర్చున్నతనికి కోపం ఉంది. లోపలికి వెళ్లినతనికి సిగ్గు ఉంది, రెండు నెలల ఇంటి అద్దె బాకీ కూడా ఉంది. సంతకం పెట్టిన ఆ కాగితం గురించి ఎవరికి, ఎలా చెప్పాలన్నది ముందు అతనితోనే మాట్లాడాలి.