ఎవరి చేనుకు కంచె?

వసంత్ కుంజ్‌లో మా ఫ్లాట్ల మధ్య పార్కులో ఆదివారం ఉదయం పెద్దమనుషుల కచేరీ జరుగుతుంది. అందులో మన తెలుగువాళ్లూ ఉన్నారు. మొన్న అక్కడ తేల్చిన మాట: "జమీందారీల రద్దు పట్టపగటి దోపిడీ. తొమ్మిదో షెడ్యూలు రాజ్యాంగానికి పట్టిన చీడ." తలలన్నీ ఊగాయి. నా తల ఊగలేదు. ఇది చదివి కోపమొచ్చేవాళ్లకు రానివ్వండి.

దోపిడీ అంటే ఏమిటో తెలుసా మీకు? శిస్తు కట్టలేని రైతు ఎడ్లను దివాణం మనుషులు విప్పుకుపోతే ఏ ప్రాథమిక హక్కు అడ్డం నిలిచింది? వెట్టికి పిలిస్తే చంటిబిడ్డను చెట్టుకొమ్మకు జోలె కట్టి వెళ్లిన తల్లికి ఏ హైకోర్టు స్టే ఇచ్చింది?

రాజ్యాంగం వచ్చీ రాగానే హక్కుల కోసం పరుగెత్తుకెళ్లింది దర్భంగా మహారాజు కామేశ్వర్ సింగ్. బీహారు చట్టం చిన్న జమీందారుకు నికరాదాయానికి ఇరవై రెట్ల దాకా, అతిపెద్ద జమీందారుకు మూడు రెట్లు పరిహారం ఇస్తానంది. అది సమానత్వానికి విరుద్ధమట! 1951 మార్చి 12న పట్నా హైకోర్టు ఆ వాదన ఒప్పుకుని చట్టాన్ని కొట్టేసింది. తరతరాలుగా మనిషిని మనిషిగా చూడని వ్యవస్థ సమానత్వం పేరు చెప్పుకుని గెలిచింది. మూడు నెలలు తిరిగేసరికి పార్లమెంటు మొదటి సవరణ చేసి, ఇలాంటి చట్టాలను కోర్టులు కొట్టేయకుండా కాపాడే తొమ్మిదో షెడ్యూలు తెచ్చిందంటే అందుకే. చీడ పట్టింది రాజ్యాంగానికి కాదు, దాన్ని అడ్డం పెట్టుకున్నవాళ్ల బుద్ధికి.

మనవాళ్లేం తక్కువ తినలేదు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం మీద బొబ్బిలి రాజావారు మద్రాసు హైకోర్టుకెక్కారు. 1967లో గోలక్‌నాథ్ కేసులో ప్రాథమిక హక్కుల మీద పార్లమెంటు చెయ్యి వేయకూడదని ఆరుగురు జడ్జీలు, వేయవచ్చని అయిదుగురు అన్నారు. ఆ ఆరుగురికి ముందు నిలిచిన ప్రధాన న్యాయమూర్తి మన రాజమండ్రి కోకా సుబ్బారావు. మనవాడని మురిసిపోయే ముందు ఒక్కటి చెప్పండి: ఆ ఆస్తి హక్కు నీడ ఎవరి మీద పడింది? పంజాబులో అయిదొందల ఎకరాలున్న గోలక్‌నాథ్ కుటుంబం మీదా, దాని పొలాల్లో చెమటోడ్చిన కూలీ మీదా?

"కేశవానంద భారతి తీర్పు ప్రజాస్వామ్యాన్ని కాపాడలేదా?" అంటారు. కాపాడింది. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు చెరపకూడదన్న 1973 నాటి ఆ తీర్పుకు నేనూ దండం పెడతాను. కానీ ఆ కేసు పుట్టింది కేరళలో ఒక మఠం భూముల దగ్గర. తీర్పు గొప్పదైతే భూస్వామి పుణ్యాత్ముడైపోడు.

ఇప్పుడు మన గడప దగ్గరికి రండి. 1959 నవంబరు 13న ఒకే ఒక్క నోటిఫికేషన్‌తో ఢిల్లీలో 34,070 ఎకరాలకు ఎసరు పెట్టారు. పేరు, నగరాభివృద్ధి. ఏళ్ల తరబడి కదలని ఆ ఫైలు మీద రైతులు సుప్రీంకోర్టుకు వెళితే, 1974లో వచ్చిన జవాబు: ఆలస్యంగా వచ్చారు, పొండి. మార్కెట్ విలువేమో నోటిఫికేషన్ నాటిదే! మహారాజుకు పరిహారం తగ్గితే రాజ్యాంగ సంక్షోభం. రైతుకు తగ్గితే అభివృద్ధి.

అప్పుడు ఏ పెద్దమనిషి దోపిడీ అన్నాడు?

మన బాల్కనీల కింద ఉన్నది మసూద్‌పూర్ వంటి ఊళ్ల పొలాల మట్టి. నెల్సన్ మండేలా మార్గ్ పక్కన అద్దాల మాల్స్. కాస్త ఇవతలికొస్తే తీగలు చిక్కుపడ్డ సందులు, పేడ వాసన, గది మీద గది వేసిన అద్దె ఇళ్లు. అక్కడ నులకమంచం మీద కూర్చున్న ఒక ముసలాయన మన అపార్టుమెంటు వైపు కర్ర చాపి, "అక్కడ మా సజ్జ చేను ఉండేది" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. నాకు సిగ్గేసింది. నేనూ అక్కడి ఫ్లాట్‌లోనే ఉంటున్నాను.

ఆస్తి హక్కు పవిత్రమా? అయితే ఆ సజ్జ చేనుకూ పవిత్రమే. వేల ఎకరాలకు కంచె, రెండెకరాలకు బుల్‌డోజరు అయితే దాన్ని హక్కు అనకండి, బలం అనండి.

వచ్చే ఆదివారం నేనూ పార్కుకు వస్తాను. ఆ ముసలాయన్ని వెంటబెట్టుకుని వస్తాను. దమ్ముంటే ఆయన కళ్లలోకి చూసి, దోపిడీకి గురైంది దర్భంగా మహారాజని మళ్లీ అనండి.