గళ్ళబల్ల ముందు నలుగురం

ఆ సాయంత్రం ఉల్లిపాయ పకోడీలకని పిండి కలిపి మూత పెట్టాను. మూకుడు మాత్రం స్టవ్వెక్కలేదు! రెండు గంటలకి మూత తీస్తే ఉల్లిపాయ నీరొదిలి పిండి గంజిలా అయి కూర్చుంది. ఎందుకలా వదిలేశావని అడగరేం? చెబితే నవ్వుతారేమో, చదరంగం చూస్తూ కూర్చున్నానండీ.

2025 జూలై 28, సోమవారం. జార్జియా దేశంలో నల్లసముద్రం ఒడ్డున బతూమి అనే ఊళ్ళో మహిళల ప్రపంచ కప్ ఫైనల్. ఒకవైపు మన కోనేరు హంపి, మరోవైపు నాగపూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్. ఇద్దరూ మన దేశం వాళ్ళే ఫైనల్‌కి రావడం అదే మొదటిసారి. శని, ఆదివారాల్లో ఆడిన రెండు ఆటలూ డ్రా అయ్యాయి. ఇక తేలాల్సింది సోమవారం నాటి టై బ్రేక్‌లో. ఒక్కొక్కరికి పదిహేనే నిమిషాలు, ఎత్తుకో పది సెకన్లు కలుస్తాయి. అంతే!

మా హాల్లో ప్రేక్షకులం నలుగురం. నేను, ఎనభై దాటిన మా అత్తయ్యగారు, పక్కింటి కోడలు, చెస్ క్లాసుకి వెళ్ళే ఆవిడ పదేళ్ళ కూతురు. టీవీలో బోర్డు, మా టీపాయ్ మీద ఇంకో బోర్డు. అక్కడ ఎత్తు పడగానే ఇక్కడ పిల్ల పావు జరపాలి. మాకు గురువు అదే మరి!

"ఓపెనింగ్ అంటే ఏమిటే?" అన్నారు అత్తయ్యగారు. "మొదటి ఎత్తులు మామ్మా! ఒక్కోదానికి ఒక్కో పేరుంటుంది," అంది పిల్ల. శనివారం ఆటలో వచ్చినది క్వీన్స్ గాంబిట్ అట. తెల్లపావుల వాళ్ళు రెండో ఎత్తులోనే ఒక బంటుని ఎదురు పెట్టి, కావాలంటే తీసుకోమంటారు. హంపి తీసుకుంది. "ఊరికే ఇస్తారుటే?" అని అత్తయ్యగారి అనుమానం. ఊరికే ఎవరిస్తారండీ! కూరగాయలవాడు కొసరు కొత్తిమీర వేసేది మళ్ళీ వాడి బండి దగ్గరికే వస్తామని కదా. ఆ బంటుని పట్టుకుని వేలాడితే కష్టమే. అవతలివాళ్ళు దాన్ని రాబట్టుకునే లోపల మన పావుల్ని సర్దుకోవాలి. కిటుకు అదీ.

సోమవారం మొదటి ఆటలో దివ్యవి తెల్లపావులు. హంపి పెట్రోవ్ డిఫెన్స్ ఆడింది. అవతలి గుర్రం వచ్చి మన బంటుని బెదిరిస్తుంది. మనం దాన్ని కాపాడుకునే బదులు మన గుర్రంతో వాళ్ళ బంటుని బెదిరిస్తాం. "బాగుందే! నువ్వు మా గుమ్మంలోకొస్తే నేను మీ గుమ్మంలోకొస్తానన్నమాట," అని అత్తయ్యగారు తేల్చేశారు. ఆ ఆటా డ్రా.

రెండో ఆటకి తెల్లపావులు హంపివి. పిల్ల ఎగిరి గంతేసింది, "కాటలాన్!" అని. ఇందులో ఏటవాలుగా నడిచే ఒంటెని రాజు పక్కన మూలగా పెడతారు. అది అక్కడ కదలకుండా కూర్చుని ఈ మూల నుంచి ఆ మూల దాకా కనిపెడుతూ ఉంటుంది. నేను అత్తయ్యగారి వైపు చూశాను. ఆవిడ నా వైపు చూశారు. ఇద్దరం నవ్వుకున్నాం. వివరం మీకు చెప్పక్కర్లేదనుకుంటాను!

సరిగ్గా అప్పుడే మా బావగారు వచ్చారు. కుర్చీ లాక్కుని, "హంపికి ముప్పై ఎనిమిదేళ్ళు. ఇంకా ఎందుకమ్మా ఈ అవస్థ? సాధించాల్సింది సాధించింది, కూతురుంది, ఇక చాలు," అన్నారు. ఆయన మంచివారే సుమండీ, నొప్పించాలని అన్నమాట కాదు. కానీ పక్కింటి కోడలి ముఖం చిన్నబోయింది. ఆవిడ కాలేజీ రోజుల్లో చదరంగంలో కప్పులు గెలిచిందని నాకు తెలుసు. పాప పుట్టాక ఆ బోర్డు అటకెక్కిందనీ తెలుసు.

జవాబు అత్తయ్యగారే చెప్పారు. "చాలో చాలదో ఆ అమ్మాయి చెప్పాలిరా. నీకూ నాకూ ఎందుకు?"

ఆలోచించండి. హంపి పదిహేనేళ్ళకే, 2002లో, గ్రాండ్‌మాస్టర్ అయింది. దివ్య పుట్టింది 2005లో! 2017లో తల్లయ్యాక మళ్ళీ వచ్చి 2019లోనూ, 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది హంపి. మన గుంటూరు హారిక 2022 చెన్నై ఒలింపియాడ్‌లో నిండుచూలాలుగా ఆడి జట్టుతో పాటు కాంస్యం అందుకుంది. బతూమిలో ఆమె క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళి దివ్య చేతిలోనే ఓడింది. అన్నట్టు, జార్జియాలో ఒకప్పుడు పెళ్ళికూతురి సారెలో చదరంగం కూడా పెట్టేవారట. ప్రపంచంలో మొట్టమొదట గ్రాండ్‌మాస్టర్ బిరుదు అందుకున్న మహిళ నోనా గాప్రిందష్విలి ఆ దేశం ఆవిడే, 1978లో. సారెలో వచ్చిన చదరంగాన్ని అటకెక్కించమని ఎవరంటారు చెప్పండి?

ఇక ఆట సంగతి. చాలాసేపు సమఉజ్జీగానే నడిచింది. చివర్లో హంపి గడియారంలో సమయం తరిగిపోయింది. ఆ తొందరలో పొరపాటు దొర్లింది. దివ్య వదల్లేదు, గెలిచింది. అమ్మని పట్టుకుని ఏడ్చేసింది. ఆ గెలుపుతోనే గ్రాండ్‌మాస్టర్ కూడా అయింది, మన దేశంలో ఆ బిరుదు పొందిన నాలుగో మహిళగా. హంపి ఓడిందని మాకు గొంతులో ముద్ద అడ్డుపడ్డట్టయింది. ఆ తల్లీకూతుళ్ళని చూసి కళ్ళూ చెమర్చాయి. ఒకే పూట రెండూ! పోటీ చేసిన ఇద్దరికీ తర్వాతి క్యాండిడేట్స్ పోటీకి అర్హత వచ్చిందని విన్నాక కొంచెం తేరుకున్నాం.

వెళ్తూ వెళ్తూ పక్కింటి కోడలు గుమ్మంలో ఆగి, "పిన్నిగారూ, మీ ఇంట్లో నిచ్చెన ఉందా?" అంది. ఎందుకని నేను అడగలేదు. బావగారే లేచి తీసుకెళ్ళి ఇచ్చొచ్చారు.

మీరూ ఒక ఆదివారం పిల్లల్తో బోర్డు ముందు కూర్చోండి. పైన చెప్పిన మూడు ఓపెనింగ్‌ల పేర్లు చెప్పి వేసి చూపమనండి. అమ్మకి నేర్పడమంటే పిల్లలకి భలే సరదా. ఓడిపోతారా? పోండి, ఏమైంది! ఇంకో ఆటకి పావులు సర్దడమే.

నీరొదిలిన పకోడీ పిండి సంగతంటారా? పారేయలేదు. ఇంకొంచెం శనగపిండి, రెండు చెంచాల బియ్యప్పిండి చల్లి కలిపాను. కరకరలాడుతూ వచ్చాయి. బావగారు రెండోసారి అడిగి మరీ వేయించుకున్నారు. "ఇక చాలు" అని మేమెవ్వరం అనలేదు లెండి!