లోపలి గడియ: పెద్దవారున్న ప్రతి ఇంటికీ విజ్ఞప్తి

వయసు మీదపడ్డాక మనిషికి ముందుగా చేతకాకుండా పోయే పని స్నానం. అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ 1963లో వృద్ధుల రోజువారీ పనులను ఆరుగా లెక్కగట్టి ఒక కొలమానం తయారుచేశాడు. స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్ళడం, మంచం మీంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, అన్నం తినడం అన్నవే ఆ ఆరు. వీటిలో సాధారణంగా మొదట పోయేది స్నానం. చివరిదాకా మిగిలేది తన చేత్తో తాను తినడం. అన్నం తినడానికి ఒక చెయ్యి చాలు. స్నానానికి మాత్రం ఒంట్లోని ప్రతి కీలూ సహకరించాలి. గడప దాటాలి, తడి నేల మీద నిలదొక్కుకోవాలి, పీట మీదికి వంగాలి, చెంబు ఎత్తాలి, వీపు రుద్దుకోవాలి, సబ్బు మండి కళ్ళు మూసుకున్నప్పుడు కూడా తూలకుండా ఉండాలి. ఇదంతా ఒంటరిగా, తలుపు వేసుకుని, లోపల గడియ పెట్టుకుని.

ఆ గడియే ఈ విజ్ఞప్తికి కారణం. చాలా తెలుగు ఇళ్ళలో స్నానాలగది తలుపు లోపలికి తెరుచుకుంటుంది. కాలు జారిన పెద్దావిడ ఆ తలుపుకు అడ్డంగా పడిందంటే గడియ ఊడగొట్టినా తలుపు రాదు. తోస్తే ఆమెకే తగులుతుంది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు, పిల్లలు బడికి వెళ్ళిపోయిన పదిగంటల వేళ అయితే అసలు పడిన సంగతే ఎవరికీ తెలియదు. కుళాయి నీళ్ళ చప్పుడులో పిలుపు వినపడదు. పనిమనిషి వచ్చి తలుపు కొట్టి, పక్కింటివారిని పిలిచి, వారు వడ్రంగిని పిలిచేసరికి గంట దాటిపోతుంది.

గంట అనేది ఇక్కడ మాటవరసకు చెప్పినది కాదు. ఇళ్ళలో పడిపోయిన వృద్ధుల మీద బ్రిటన్ వైద్యులు చేసి 1981లో ప్రచురించిన అధ్యయనంలో, పడ్డాక గంటకు మించి నేల మీదే ఉండిపోయినవారిలో సగంమంది ఆరు నెలల్లోపు చనిపోయారు. నేల మీద కదలకుండా పడి ఉన్న శరీరంలో బరువంతా ఒకేచోట ఆని కండరం నలుగుతుంది. ఆ నలిగిన కండరంలోంచి వచ్చే పదార్థాలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. తడి ఒంటికి చలి పడుతుంది, నోరు ఎండిపోతుంది, ఒత్తిడి పుండ్లు మొదలవుతాయి, ఊపిరితిత్తులకు నిమ్ము చేరుతుంది. పైగా అంతసేపు లేవలేకపోవడమే ఒంట్లో సత్తువ తగ్గిందనడానికి గుర్తు. పడిపోవడం ఒక ప్రమాదం, పడ్డవారి దగ్గరకు చేరలేకపోవడం అంతకన్నా పెద్దది. మొదటిదాన్ని పూర్తిగా ఆపలేం. రెండోదాన్ని ఆపడానికి మాత్రం ఒక్క సాయంత్రం చాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. వారిలో 80 శాతానికి పైగా అల్ప, మధ్యస్థ ఆదాయ దేశాలవారు. అరవై దాటినవారికే ఎక్కువ ముప్పు. ఈ లెక్కలో మన ఇళ్ళూ ఉన్నాయి. అయినా 'పాపం, బాత్‌రూమ్‌లో జారిపడ్డారట' అన్న మాట తెలుగునాట పరామర్శకు వెళ్ళివచ్చి చెప్పుకునే కబురుగానే మిగిలిపోతోంది. ఆ మాట విని తమ ఇంటి గడియ వైపు చూసినవారు ఎందరు?

పాత ఇళ్ళలో స్నానం పెరట్లో, నూతి పక్కన గరుకు బండ మీద, తడికల చాటున సాగేది. అవి మంచి రోజులని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఆడవారికి చాటు తక్కువ, రాత్రివేళ చీకటి, వానాకాలం పాచి. అయితే తడికకు గడియ లేదు, పిలిస్తే వంటింట్లోకి వినపడేది. ఆ స్థానంలో గోడకు గోడ కట్టి, నున్నటి టైల్స్ పరిచి, నిలువెత్తు తలుపు బిగించుకున్నాం. టైల్స్ రంగు ఎంచడానికి నాలుగు దుకాణాలు తిరిగిన ఇంటివారు, తడిసినప్పుడు అవి ఎలా ఉంటాయని ఒక్క చెంబు నీళ్ళు పోయించి చూడరు. గృహప్రవేశానికి వచ్చినవారంతా షవర్‌ను మెచ్చుకుంటారు. తాతగారు చేయి వేయడానికి గోడకు ఏముందని అడిగేవారు ఉండరు.

పడిపోవడానికి ఒంట్లో ఉండే కారణాలు ఒకటికి ఒకటి తోడవుతాయి. పడుకున్న మనిషి లేచి నిలబడిన మూడు నిమిషాల్లో పై బీపీ 20 గానీ, కింది బీపీ 10 గానీ పడిపోవడం పెద్దవయసులో తరచుగా కనిపించే స్థితి. కళ్ళు బైర్లు కమ్ముతాయి. వేడినీళ్ళు రక్తనాళాలను సడలించి దాన్ని ఇంకా పెంచుతాయి. బీపీ మాత్రలు, ప్రోస్టేటుకు వాడే కొన్ని మందులు, నిద్రమాత్రలు దీనికి తోడు. కార్తీకంలోనో మాఘంలోనో తెల్లవారుజామున చీకట్లో లేచి, ఖాళీ కడుపుతో తలమీద నీళ్ళు పోసుకునే అలవాటున్న పెద్దలకు ఈ కారణాలన్నీ ఒకే అరగంటలో కలిసివస్తాయి. మంచం మీద రెండు నిమిషాలు కూర్చుని, కాళ్ళు ఆడించి, అప్పుడు లేవాలి. స్నానం కాస్త పొద్దెక్కాక, ఇంట్లో మరొకరు ఉన్నప్పుడు చేయాలి. పుణ్యం ఎక్కడికీ పోదు.

మధుమేహం ఉన్నవారి సంగతి వేరుగా చెప్పుకోవాలి. పాదాలకు స్పర్శ తగ్గిపోయినవారికి నేల తడిగా ఉన్నదీ తెలియదు, నీళ్ళు కాలుతున్నదీ తెలియదు. గీజర్‌లోంచి వచ్చే 60 డిగ్రీల నీరు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాల్చగలదు. బకెట్‌లో ముందు చన్నీళ్ళు, తర్వాత వేడినీళ్ళు పోయాలి. స్పర్శ బాగున్న మరొకరు మోచేతితో చూశాకే ఇవ్వాలి. హీటర్ రాడ్ పెట్టిన బకెట్‌ను పెద్దవారి చేతికి వదలకూడదు.

ఇక చేయవలసిన పనులు. మొదటిది గడియ. పెద్దవారు వాడే స్నానాలగదికి లోపలి గడియ తీసేయాలి, లేదా బయటినుంచి కూడా తీయగలిగే తాళం బిగించాలి. తలుపును బయటికి తెరుచుకునేలా మార్చడం ఇంకా మంచిది. బందులు అటునుంచి ఇటు మార్చడం వడ్రంగికి పెద్ద పని కాదు. ఇక్కడే ఇంట్లో వాదన మొదలవుతుంది. గడియ లేని గదిలో స్నానం చేయనని అత్తగారు అంటారు. ఆ మాటను చాదస్తమని కొట్టిపారేయడం అన్యాయం. జీవితమంతా మరుగును కాపాడుకున్న మనిషి సిగ్గు డెబ్బై ఏళ్ళకు పోదు, పోనక్కర్లేదు. తలుపు ముందు మందపాటి తెర కట్టాలి. లోపల ఉన్నారని తెలిపే గుర్తు ఏదైనా, తలుపు పిడికి ఒక ఎర్రగుడ్డ కట్టినా సరే, పెట్టుకోవాలి. ఆ సమయంలో మగవారు ఆ వైపు రాకూడదన్న కట్టుబాటు ఇంట్లో అందరూ పాటించాలి. మరుగు ఇవ్వాల్సింది ఇంటివారు. దాన్ని ఇనుప గడియకు వదిలేసి చేతులు దులుపుకోవడమే అసలు తప్పు.

రెండోది గోడకు కడ్డీ. దుకాణాల్లో గ్రాబ్ బార్ అని అడిగితే ఇస్తారు. ఒకటింబావు నుంచి ఒకటిన్నర అంగుళం మందం ఉంటే పిడికిలి పూర్తిగా మూసుకుంటుంది. కడ్డీకీ గోడకూ మధ్య ఒకటిన్నర అంగుళం ఎడం ఉండాలి. అది నూటపది కిలోల బరువు లాగినా ఊడకూడదు. కాబట్టి టైల్ మీద అంటించడం కాదు, గోడలోకి యాంకర్ బోల్టులతో బిగించాలి. తువ్వాలు ఆరేసే కడ్డీ ఈ పనికి రాదు. జారిన మనిషి దాన్నే పట్టుకుంటాడు, అది ఊడి చేతిలోకి వస్తుంది. గాలి బిగింపుతో టైల్‌కు అతుక్కునే ప్లాస్టిక్ పిడిని కూడా నమ్మకూడదు. గుమ్మం పక్కన ఒకటి, కూర్చుని లేచేచోట ఒకటి, కమోడ్ పక్కన ఒకటి కావాలి. ఎత్తు పుస్తకం చూసి పెట్టేది కాదు. వాడబోయే మనిషిని అక్కడ నిలబెట్టి, ఆమె చేయి సహజంగా ఎక్కడ గోడను వెతుక్కుంటుందో చూసి అక్కడ గుర్తు పెట్టాలి. మేస్త్రీకి ఇది గంట పని.

కూర్చోవడానికి పీట కాదు, రబ్బరు తొడుగులున్న కాళ్ళతో గట్టి స్నానపు కుర్చీ కావాలి. పీట మీంచి లేవడానికి మోకాళ్ళకు కావలసిన బలం, అరిగిన మోకాళ్ళకు ఉండదు. పెళ్ళిళ్ళలో వేసే పల్చటి ప్లాస్టిక్ కుర్చీ తడి టైల్ మీద కాళ్ళు విప్పుకుని జారిపోతుంది. తలంటు రోజున నూనె, కుంకుడు రసం నేలంతా పాకుతాయి. ఆ రోజు పెద్దవారు వెళ్ళేముందు నేల కడగాలి. గరుకు టైల్స్ వేయించలేనివారు అడుగున పట్టున్న రబ్బరు చాప వేయవచ్చు. గుడ్డ పట్టాలు, పాత గోనెలు వద్దు. మంచం నుంచి స్నానాలగది దాకా రాత్రంతా చిన్న దీపం వెలగాలి.

చెంబు, సబ్బు, తువ్వాలు కూర్చున్నచోటికే అందాలి. తల మీదినుంచి నీళ్ళు పోసుకోలేనివారికి గొట్టంతో చేతిలోకి వచ్చే షవర్ ఎంతో సుఖం. అదీ కుదరని రోజున గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి ఒళ్ళు తుడిస్తే సరిపోతుంది. మడతలు పడేచోట, వేళ్ళ సందుల్లో తడి లేకుండా అద్దాలి. రోజూ తలదాకా స్నానం చేయకపోతే మైల అన్న పట్టింపు ఈ వయసులో సడలించుకోవాలి.

నడక విషయంలో మొండితనం పెద్దవారిదీ, నిర్లక్ష్యం పిల్లలదీ. కర్ర పట్టుకుంటే ముసలైపోయినట్టేనని వారు, అడగలేదు కదా అని వీరు. ఇంట్లోనే చేయదగ్గ పరీక్ష ఒకటుంది. కుర్చీలోంచి లేచి, పది అడుగుల దూరం మామూలుగా నడిచి, వెనక్కి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు గానీ అంతకు మించి గానీ పడితే, పడిపోయే ముప్పు ఎక్కువని అర్థం. కర్ర పొడవు, చెప్పులు వేసుకుని నిలబడి చేయి వేలాడేసినప్పుడు మణికట్టు మడత దాకా ఉండాలి. నొప్పి కుడికాలికి ఉంటే కర్ర ఎడమచేతిలో ఉండాలి. చాలామంది దీన్ని తిరగేసి పట్టుకుంటారు. కర్ర అడుగున రబ్బరు అరిగితే మార్చాలి. వాకర్ కొనేముందు స్నానాలగది గుమ్మం కొలవాలి. గదుల తలుపులన్నింటికన్నా ఇరుకుగా ఉండేది అదే. అందరికీ అందుబాటు కోసం కేంద్ర ప్రభుత్వం 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు తలుపు దారి 900 మిల్లీమీటర్లు ఉండాలంటున్నాయి. కొత్తగా ఇల్లు కడుతున్నవారు ఈ ఒక్క కొలతైనా మేస్త్రీకి చెప్పాలి.

పడ్డవారిని చూడగానే చంకల్లో చేతులు వేసి లేపడం మన ఇళ్ళ అలవాటు. ముందు నొప్పి ఎక్కడో అడగాలి. తుంటి నొప్పి ఉండి, ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే తుంటి ఎముక విరిగినట్టే అనుకోవాలి. కదపకుండా దుప్పటి కప్పి 108కి ఫోన్ చేయాలి. దెబ్బ లేదని తేలితే పక్కకు ఒరిగించి, మోకాళ్ళ మీదికి తెచ్చి, గట్టి కుర్చీ ఆసరాగా వారే లేచేలా చూడాలి. ఒంటరిగా ఉండే పెద్దవారు మెడలో తాడుకు చిన్న ఈల వేసుకుని స్నానానికి వెళ్ళడం మేలు. గొంతు పోయినా ఈల మోగుతుంది.

కొనలేనివారికి దారి ఉంది. దారిద్ర్యరేఖకు దిగువనున్న అరవై దాటినవారికి కర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. కాన్పూరులోని ప్రభుత్వ సంస్థ అలింకో వాటిని అందిస్తుంది. వృద్ధుల సహాయానికి ఉచిత ఫోన్ నంబరు 14567. పథకం తెలుగునేల మీదే పుట్టినా దాని పేరు వినని ఇళ్ళే ఎక్కువగా కనిపిస్తాయి.

పెద్దల స్నానాలగదిని పట్టించుకోని ఈ నేరంలో రాసేవారికీ వాటా ఉంది, ఈ వ్యాసం రాసినవారితో సహా. అక్టోబర్ 1న వృద్ధుల దినోత్సవం వస్తే వృద్ధాశ్రమాల మీద, కొడుకుల కృతఘ్నత మీద కన్నీటి వ్యాసాలు రాస్తారు. స్నానాలగది గురించి రాయడం నామోషీ అనుకుంటారు. తల్లిదండ్రుల పోషణకు 2007లో చట్టం వచ్చింది. అది తిండి, బట్ట, నివాసం, వైద్యం ఇప్పించగలదు, గోడకు కడ్డీ బిగించలేదు. విదేశాల్లో ఉన్న పిల్లలు వరండాలో కెమెరా పెట్టించి ఫోన్‌లో అమ్మ నడక చూసుకుంటున్నారు. ఆ కెమెరా చేరని గదిలోనే ఆమె పడుతుంది. ఆ గంట ఎవరికీ కనపడదు.

మళ్ళీ ఆ లెక్క: గంటకు మించి నేల మీద ఉండిపోయినవారిలో సగంమంది, ఆరు నెలల్లోపు. అమ్మానాన్నలు ఊళ్ళో ఒంటరిగా ఉన్నవారు ఈ ఆదివారం లోపు ఊరి వడ్రంగికి ఫోన్ చేయండి. కలిసి ఉన్నవారు ఇవాళ సాయంత్రమే ఆ లోపలి గడియ తీసేయండి.