మోరీ తీస్తిరి సరే, మా నల్లా సంగతేంది?

డిగ్రీ రెండో సంవత్సరంలో నేను ఎన్‌ఎస్‌ఎస్ వలంటీర్‌ని. ఏడు రోజుల క్యాంపు కోసం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక పల్లెకు తీసుకుపోయారు. ఊరి బడిలో బస. మొదటి రోజే పనులు పంచారు. హాస్టల్ పిల్లలకు పారలు, తట్టలు. ఇంటి నుంచి కాలేజీకి వచ్చిపోయే పిల్లలకు సర్వే కాగితాలు, సాయంత్రం సభలో మైకు. "మీకు పని అలవాటే కదా, వాళ్లకు చేతకాదు" అని సారు నవ్వుతూనే అన్నారు. ఆ మాటలో దురుద్దేశం ఉందని ఇప్పటికీ అనుకోను. కానీ హాస్టల్ పిల్లలంటే ఎవరో అక్కడున్న అందరికీ తెలుసు.

ఐదు రోజులు ఊర్లో మోరీలు తీశాం. ఆరో రోజు మాదిగ గేరికి పోయాం. మేం ఐదు రోజులుగా పారించిన మురికినీళ్లన్నీ అక్కడే నిలబడి ఉన్నాయి. ఊరు మెరకలో, గేరి పల్లంలో. గడప ముందు కూర్చున్న ఒక పెద్దమ్మ నన్ను పిలిచి, "ఏ ఊరు బిడ్డా నీది? ఎవరోళ్లు మీరు?" అని అడిగింది. ఊరి పేరు చెప్పాను. పక్కన క్లాస్‌మేట్లు ఉన్నారని రెండో ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఆమెకు అర్థమైంది. "మోరీ తీస్తిరి, మంచిదే. మరి మా నల్లా సంగతేంది?" అంది. మా సర్వే కాగితంలో ఆ ప్రశ్నకు గడి లేదు.

ఆ తర్వాత మిషన్ భగీరథ వచ్చింది, చాలా గేరిల్లోకి పైపులు వచ్చాయి. కానీ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కాలేజీల్లో ఏటా కొత్తగా సేవా క్లబ్బుల్లో చేరే పిల్లలను చూసినప్పుడల్లా ఆ పెద్దమ్మ మాటే గుర్తొస్తుంది. సేవ ఎవరు చేస్తున్నారు, ఎవరికి చేస్తున్నారు, ఏం మిగులుతోంది అన్నది మనం తేల్చుకోవాల్సిన ప్రశ్న.

మన పిల్లలు ఎందుకు చేరుతున్నారు

ఎన్‌ఎస్‌ఎస్, యూత్ రెడ్‌క్రాస్, రోటరీకి అనుబంధంగా రోటరాక్ట్, లయన్స్‌కు అనుబంధంగా లియో క్లబ్. చిన్న పట్టణాల కాలేజీల్లోకి కూడా వచ్చిన పేర్లివి. 2023 అక్టోబర్ 31న కేంద్రం మొదలుపెట్టిన 'మై భారత్' వేదిక వచ్చాక సేవ ఆన్‌లైన్ నమోదుతో, ఫోటోలతో ముడిపడింది. రక్తదాన శిబిరం, మొక్కలు నాటడం, స్వచ్ఛ భారత్ ర్యాలీ, ఓటరు అవగాహన - ఏడాది పొడవునా కార్యక్రమాలే.

వీటిలో చేరే దళిత విద్యార్థులను వెక్కిరించే మాటలు మన వైపు నుంచి కూడా వింటుంటాం. "సర్టిఫికెట్ కోసం చేరుతున్నారు" అంటారు. కోరుకుంటే తప్పేముంది? కొన్ని పీజీ ప్రవేశాల్లో ఎన్‌ఎస్‌ఎస్ సర్టిఫికెట్‌కు విలువ ఉంది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న అమ్మాయికి, క్లాసులో నోరు విప్పని అబ్బాయికి, తహసీల్దార్ ఆఫీసులోకి ధైర్యంగా నడిచిపోవడం, పదిమంది ముందు మాట్లాడటం నేర్పిన మొదటి చోటు చాలాసార్లు ఈ క్లబ్బే. నాకూ అంతే.

ఈ మూడు జిల్లాల్లో ఆ అవకాశం విలువ ఎక్కువ. 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ నుంచి విడిపోయిన జిల్లాలివి. ఇక్కడి నాగర్‌కర్నూల్ లోక్‌సభ స్థానం ఎస్సీ రిజర్వుడు. అందులోని ఏడు అసెంబ్లీ స్థానాల్లో అలంపూర్, అచ్చంపేట కూడా ఎస్సీ రిజర్వుడే. 2011 జనాభా లెక్కల్లో రాష్ట్ర అక్షరాస్యత 66.5 శాతం ఉంటే, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా ప్రాంతంలో అది 50 శాతం లోపే. పాలమూరు లేబర్ అన్న పేరుతో దేశమంతా ప్రాజెక్టులు కట్టిన కుటుంబాల పిల్లలు ఇప్పుడు గద్వాల కోటలోని ఎంఏఎల్‌డీ కాలేజీలో, వనపర్తి రాజుల ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌లో చదువుతున్నారు. తాత వెట్టికి పోయిన గడిలో మనవడు పరీక్ష రాస్తున్నాడు. ఈ పిల్లల సమయం, చెమట ఏ పనికి పోతున్నాయన్నది అందుకే చిన్న విషయం కాదు.

పుస్తకంలో ఏముంది, పల్లెలో ఏం జరుగుతుంది

ఎన్‌ఎస్‌ఎస్ 1969 సెప్టెంబర్ 24న, గాంధీ శతజయంతి ఏడాదిలో, 37 విశ్వవిద్యాలయాల్లో దాదాపు 40 వేల మంది విద్యార్థులతో మొదలైంది. 'నేను కాదు, నువ్వు' అన్నది దాని నినాదం. ఒక్కో వలంటీరు రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి, ఒక ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి. వందమంది ఉన్న ఒక యూనిట్ రెండేళ్లలో ఇచ్చే శ్రమ 24 వేల గంటలు. కూలి లెక్కన చూసినా అది పెద్ద మొత్తం.

ఎన్‌ఎస్‌ఎస్ మాన్యువల్‌లో లక్ష్యాల జాబితా ఉంది. తాము పనిచేసే సమాజాన్ని విద్యార్థులు అర్థం చేసుకోవాలి, ఆ సమాజంతో తమ సంబంధం ఏమిటో తెలుసుకోవాలి, అక్కడి సమస్యలను గుర్తించి పరిష్కారంలో పాలుపంచుకోవాలి అని అది చెబుతుంది. చీపురు పట్టి ఫోటో దిగాలన్న మాట ఆ లక్ష్యాల్లో లేదు. తెలంగాణ పల్లెలో 'సమాజంతో నా సంబంధం' అంటే మొదట కులమే. ఊర్లో నేను ఏ ఇంటి అరుగు మీద కూర్చోగలను, ఎక్కడ నిలబడి నీళ్లు అడుగుతాను అన్నదే ఆ సంబంధం. మాన్యువల్ అడిగిన ఆ ప్రశ్నను క్యాంపు దాటేస్తోంది.

దాటేయడం వల్ల రెండు జరుగుతున్నాయి. అగ్రకుల విద్యార్థి ఒక రోజు చీపురు పడితే అది త్యాగం అవుతుంది, పేపర్లో ఫోటో వస్తుంది. దళిత విద్యార్థి పడితే అది 'అలవాటైన పని'. ఏ పని నుంచి బయటపడటానికి అతని అమ్మానాయిన చదివిస్తున్నారో ఆ పనినే కాలేజీ సేవ పేరుతో తిరిగి చేతికిస్తుంది. ఇక రెండోది. గేరి మురికిగా ఉండటం అక్కడి మనుషుల అలవాటుగా కనిపిస్తుంది. మోరీ ఎటు వాలుతోంది, పంచాయతీ నిధులు ఏ వీధి దాకా వచ్చి ఆగాయి అని ఎవరూ అడగరు. పరిశుభ్రత మీద ఉపన్యాసం చెప్పి బస్సెక్కుతారు.

1932లోనే తేలిన తగువు

ఈ తగువు కొత్తది కాదు. పూనా ఒప్పందం తర్వాత 1932 సెప్టెంబర్ చివర్లో అస్పృశ్యతా వ్యతిరేక సంఘం ఏర్పడింది. ఘనశ్యామ్‌దాస్ బిర్లా అధ్యక్షుడు, ఏ.వి. ఠక్కర్ కార్యదర్శి. అదే తర్వాత హరిజన సేవక్ సంఘ్ అయింది. మూడో రౌండ్ టేబుల్ సమావేశానికి ఓడలో వెళ్తూ నవంబర్ 14న అంబేడ్కర్ ఠక్కర్‌కు ఒక పొడవాటి ఉత్తరం రాశారు. సేవకు రెండు దారులున్నాయన్నది ఆ ఉత్తరం సారాంశం. మనిషి కష్టానికి అతని నడవడికే కారణం అనుకుంటే మద్యపాన నిషేధం, వ్యాయామశాలలు, గ్రంథాలయాలు, బడులు చాలు. పరిసరాలే కారణం అనుకుంటే ఆ పరిసరాలతో తలపడాలి. ఆయన రెండో దారిని ఎంచుకోమన్నారు. ఊరి బావి, బడి, చావడి, ప్రజా రవాణా - వీటిలో హక్కు సాధించే ఉద్యమం ముందుండాలని, గొడవలు వస్తాయని వెనక్కి తగ్గొద్దని రాశారు. పని అవకాశాల్లో సమానత్వం, ఇళ్లలోకి రాకపోకలు కూడా కార్యక్రమంలో చేర్చమన్నారు. కార్యకర్తలను అణగారిన వర్గాల నుంచే తీసుకోమన్నారు. ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. తర్వాత 1945లో అచ్చయిన పుస్తకంలో, కాంగ్రెస్, గాంధీ అంటరానివారికి ఏం చేశారో చర్చిస్తూ, ఈ సంగతంతా ఆయనే వివరించారు.

ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు కార్యక్రమాల పట్టిక ఆ ఉత్తరం పక్కన పెట్టి చదవండి. తొంభై ఏళ్ల తర్వాత కూడా మన కాలేజీలు మొదటి దారిలోనే నడుస్తున్నాయి.

సేవ అనే మాటను అందుకని వాళ్లకే వదిలేయాలా? అక్కర్లేదు. 1897లో పుణెలో ప్లేగు రోగులకు సేవ చేస్తూ ఆ రోగంతోనే చనిపోయింది సావిత్రీబాయి ఫూలే. మన హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్య సంఘం పెట్టారు. 1922లో మన్య సంఘానికి ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అని పేరు మార్చారు. పేరులోనే సేవ ఉంది. ఆ సేవ కింద వాళ్లు బడులు నడిపారు, జోగిని ఆచారానికి వ్యతిరేకంగా పనిచేశారు, తాము ఈ నేల మొదటి మనుషులమని ప్రకటించుకున్నారు. గౌరవం లేని సేవను వాళ్లు సేవ అనలేదు.

మన కాలంలో సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి స్వేరోస్ వచ్చింది. అలంపూర్ బిడ్డ ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ 2012 నుంచి 2021 దాకా గురుకులాల కార్యదర్శిగా ఉన్నప్పుడు పెరిగిన నెట్‌వర్క్ అది. ఆయన రాజకీయాల్లోకి వచ్చి 2024లో నాగర్‌కర్నూల్ నుంచి లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయాక, ఒక నాయకుడి చుట్టూ అల్లుకున్న సంఘం ఎంత దూరం పోతుందన్న చర్చ కూడా సాగింది. ఆ చర్చ అవసరమే. అయినా గురుకులం పిల్లలు తమ పల్లెకు తామే తిరిగి పోయి పనిచేయవచ్చన్న ఆలోచన నిలబడే ఉంది.

240 గంటలతో ఏం చేయొచ్చు

క్లబ్బులను వదిలి రమ్మని నేను చెప్పను. లోపల ఉండి పనిని మార్చమంటాను. మొదటి పని సర్వే కాగితాన్ని మార్చడం. ఇలాంటి ప్రశ్నలు పెట్టండి:

గేరిలో నల్లా నీళ్లు ఊర్లో వచ్చినంతసేపు వస్తున్నాయా? మోరీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోంది? దళితులకు శ్మశానం ఉందా, ఉంటే దారి ఉందా? హోటల్లో చాయ్ గ్లాసులు అందరికీ ఒకటేనా? బడిలో మధ్యాహ్న భోజనం ఎవరు వండుతున్నారు, ఎవరి పిల్లలు తినకుండా ఇంటికి పోతున్నారు? అంగన్‌వాడీ గేరికి ఎంత దూరం? గుడిలోకి, బతుకమ్మ ఆట దగ్గరికి అందరూ పోతున్నారా?

నడిగడ్డలో ఇంకో ప్రశ్న తప్పనిసరి. సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ సీజన్ మొదలైతే ఏ పిల్లలు బడి మానేస్తున్నారు? పువ్వు పువ్వునూ చేత్తో కలపాల్సిన ఆ పనికి చిన్న పిల్లలను దింపడం గురించి ఏళ్లుగా రిపోర్టులు వస్తూనే ఉన్నాయి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను కూలికి పెట్టడం నేరం. అదే గేరి నుంచి కాలేజీకి వచ్చిన వలంటీరుకు ఆ పిల్లల పేర్లు కూడా తెలుసు.

జవాబులు వచ్చాక వాటిని ఏం చేయాలన్న దానికీ దారులున్నాయి. జస్టిస్ పున్నయ్య కమిషన్ సిఫార్సుల తర్వాత నెలకోసారి, సాధారణంగా 30వ తేదీన, రెవెన్యూ, పోలీసు అధికారులు పల్లెల్లో పౌరహక్కుల దినోత్సవం జరపాలి. చాలా చోట్ల అది సంతకాల కార్యక్రమంగా మిగిలింది. వందమంది వలంటీర్లు సర్వే పట్టుకుని ఆ రోజు కూర్చుంటే అలా మిగలదు. 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉమ్మడి నీటి వనరు, శ్మశానం, దారి, గుడి, బడి, ఆసుపత్రి వాడుకోనివ్వకపోవడాన్ని నేరంగా పేర్కొంది. 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద ఎస్సీల జనాభా దామాషాలో డబ్బు కేటాయించాలి. గేరిలో సీసీ రోడ్డు ఎందుకు లేదని సమాచార హక్కు దరఖాస్తు పెట్టడం పది రూపాయల పని. కాలేజీ లోపల కూడా పని ఉంది. స్కాలర్‌షిప్, ఫీజు బకాయిల వల్ల సర్టిఫికెట్లు ఆగిపోయిన సీనియర్ల జాబితా తయారు చేయడం కూడా సమాజ సేవే.

"ఇది రాజకీయం, ఎన్‌ఎస్‌ఎస్‌లో కుదరదు" అని ప్రోగ్రామ్ ఆఫీసర్లు అంటారు. రాజ్యాంగంలోని 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసింది. రాజ్యాంగం అమలవుతోందా అని చూడటం ఏ పార్టీ పని కూడా కాదు. మాన్యువల్‌లోని లక్ష్యాలే చూపించి అడగండి. అయితే వాళ్ల భయంలో కొంత నిజముంది. క్యాంపు ఏడు రోజుల్లో ముగుస్తుంది, గేరి మనుషులు అదే ఊర్లో బతకాలి. అందుకని చెప్పినవాళ్ల పేర్లు కాగితం మీద రాయకండి. ఒంటరిగా పోకండి. గేరి వాళ్లు వద్దన్న చోట ఆగండి. సర్వేలో తేలిందేమిటో ముందు వాళ్లకే చదివి వినిపించండి, తర్వాతే అధికారులకు ఇవ్వండి.

పని పంపకం మాట కూడా ముందే తేల్చుకోవాలి. పార, మైకు, కాగితం - మూడూ అందరి చేతుల్లోకీ రోజు మార్చి రోజు రావాలి. అగ్రకుల మిత్రులు ఒక పూట గేరిలో అన్నం తినాలి, గేరి పిల్లలు సభలో మాట్లాడాలి. మోరీ తీయాల్సి వస్తే పల్లం నుంచి మొదలుపెట్టాలి, నీళ్లు ఊరి బయటికి పోయే దారి చేశాకే ఎగువకు పోవాలి. ఈ సంగతి మా క్యాంపులో ఎవరికీ తట్టలేదు. గేరిలో ఎవరినైనా అడిగి ఉంటే మొదటి రోజే చెప్పేవాళ్లు.

ఆ పెద్దమ్మ రెండు ప్రశ్నలు అడిగింది. నల్లా గురించి అడిగినదానికి పంచాయతీ జవాబు చెప్పాలి. ఎవరోళ్లు మీరు అన్నదానికి నేను చెప్పాల్సింది. ఈ ఏడాది గద్వాలలోనో వనపర్తిలోనో నాగర్‌కర్నూల్‌లోనో బ్యాడ్జీ పెట్టుకుని గేరిలోకి పోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ జవాబు తలెత్తి చెప్పండి. ఆ తర్వాత కాగితం తీసి, నల్లా దగ్గర మొదలుపెట్టండి.