అద్దెకిచ్చి రమ్మనే సలహా

"అమెరికాలో ఇల్లు అమ్ముకుని వచ్చేవాడంత తెలివితక్కువవాడు ఇంకొకడుండడు" అని ఈమధ్య కోకాపేటలో ఒక గృహప్రవేశానికి వెళ్తే భోజనాల దగ్గర ఒక పెద్దాయన తీర్పిచ్చేశారు. ఎదురుగా కూర్చున్న కుర్రాడు పిల్లల్ని తీసుకుని డాలస్ నుంచి వచ్చేద్దామనుకుంటున్నాడు. "మూడు శాతం లోను మళ్లీ దొరకదురా. అద్దెకిచ్చి వచ్చేయ్. అమ్మడానికేముంది, ఎప్పుడైనా అమ్ముకోవచ్చు" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లందరూ అవునన్నారు. తిరిగొచ్చే ప్రతి కుటుంబానికీ మనవాళ్లు చెప్పే సలహా ఇదే. ఇది విని చేతులు కాల్చుకున్నవాళ్లను దగ్గర నుంచి చూశాను కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

ఎప్పుడైనా అమ్ముకోవచ్చన్న మాట అబద్ధం. అమ్మడానికి గడువుంది. సొంత ఇల్లు అమ్మితే వచ్చిన లాభంలో ఒంటరివాళ్లకు 2,50,000 డాలర్లు, కలిపి రిటర్ను వేసే దంపతులకు 5,00,000 డాలర్ల దాకా అమెరికాలో పన్ను లేదు. కానీ అమ్మే రోజుకు వెనక అయిదేళ్లలో కనీసం రెండేళ్లు ఆ ఇల్లు మీదై ఉండాలి, అందులో మీరు కాపురం ఉండాలి. అంటే ఇల్లు ఖాళీ చేసి మూడేళ్లు దాటితే ఆ మినహాయింపు పోయినట్టే. ఇక ఇటువైపు చూడండి. చాలాకాలం బయట ఉండి వచ్చినవాళ్లను మన ఆదాయపు పన్ను చట్టం రెండేళ్లో మూడేళ్లో 'ఆర్‌ఎన్‌ఓఆర్' కింద ఉంచుతుంది. ఆ కాలంలో అక్కడి అద్దె మీద గానీ, అక్కడి ఇల్లు అమ్మిన లాభం మీద గానీ ఇక్కడ పన్ను కట్టక్కర్లేదు. ఆ తర్వాత ప్రపంచంలో ఏ మూల సంపాదించినా ఇక్కడ లెక్క చెప్పాల్సిందే. రెండు గడువులూ ఇంచుమించు ఒకేసారి తీరిపోతాయి. "ఇప్పటికి అద్దెకిద్దాం, తర్వాత చూద్దాం" అన్నవాళ్లు సరిగ్గా ఆ రెండు మూడేళ్లే చూస్తూ గడిపేస్తారు.

గడువు దాటాక అమ్మితే అద్దె ఏళ్లలో ఖర్చుగా చూపిన తరుగుదల మీద అక్కడ 25 శాతం దాకా పన్ను, మిగతా లాభం మీద వేరే పన్ను. అప్పటికి అక్కడి పన్ను లెక్కలో మీరు విదేశీయులైపోతే, కొనేవాడు మొత్తం ధరలోంచే 15 శాతం పట్టి ప్రభుత్వానికి కట్టేస్తాడు. లాభంలోంచి కాదు, ధరలోంచి! కొనేవాడు తానుండటానికే కొంటే అది కొంత తగ్గొచ్చు. రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకునేదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు.

ఇక ఆ మూడు శాతం లోను. 2021 జనవరిలో ముప్పై ఏళ్ల లోన్ల సగటు వడ్డీ 2.65 శాతానికి దిగింది, 2023 అక్టోబరుకి ఎనిమిది దగ్గరికి పోయింది. లోను చవకే, కాదనను. లోను చవకైనంత మాత్రాన ఇల్లు లాభసాటి అవుతుందా? లెక్క వేద్దాం. టెక్సస్‌లో 5 లక్షల డాలర్ల ఇల్లు, నెలకు 2,800 అద్దె అనుకోండి. ఏడాదికి 33,600. ఇంటిపన్ను రెండు శాతం చొప్పున 10,000. ఇన్సూరెన్సు 4,000. చూసిపెట్టే ఏజెన్సీకి ఎనిమిది శాతం, అంటే సుమారు 2,700. అద్దెవాళ్లు మారేటప్పుడు ఒక నెల ఖాళీ, 2,800. మిగిలింది 14,100. మూడు లక్షల లోను మీద వడ్డీ 9,000 తీసేస్తే మిగిలేది 5,100. రెండు లక్షల సొంత డబ్బు ఇరికించుకున్నందుకు ఏడాదికి దక్కేది అది. ఒక్క ఏసీ మార్చాల్సి వస్తే అదీ లేదు. పైగా మీరు ఖాళీ చేయగానే, సొంతింట్లో ఉండేవాళ్లకిచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు పోతుంది, పన్ను విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగకుండా కాపాడే రక్షణా పోతుంది.

తరుగుదల చూపి అమెరికాలో ఆ అద్దె మీద పన్ను లేకుండా చేసుకోవచ్చు. ఆర్‌ఎన్‌ఓఆర్ కాలం తీరాక ఇక్కడ ఆ తరుగుదల చెల్లదు. ఇంటిపన్ను, ఆపైన 30 శాతం, లోను వడ్డీ తీసేసి మిగిలినదాని మీద పన్ను కట్టాలి. అక్కడ కట్టింది లేదు కాబట్టి ఇక్కడ తగ్గించుకునేదీ ఉండదు. ఆ ఇంటిని రిటర్నులో చూపడం మర్చిపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా.

ఈ సలహాదారుల్లో ఎంతమందికి డాలస్ మట్టి తెలుసు? మన గుంటూరు పత్తిచేల నల్లరేగడి లాంటిదే అది. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అందుకే వేసవిలో పునాది చుట్టూ గొట్టాలు పరిచి నీళ్లు పెట్టుకుంటారు. ఇంటాయన పెట్టుకుంటాడు. నీళ్ల బిల్లు తానే కట్టే అద్దెవాడు మీ పునాదికి నీళ్లెందుకు పెడతాడు? మా తమ్ముడు అక్కడ అద్దెకిచ్చి వచ్చిన ఇంట్లో తలుపులు బిగుసుకుపోతున్నాయని అద్దెవాళ్లు చెబుతూనే వచ్చారు. చూసిపెట్టే సంస్థ నెలనెలా కమీషను తీసుకుంటూనే ఉంది. గోడ నిలువునా చీలాకే తమ్ముడికి కబురొచ్చింది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సస్ ఇళ్లలో కరెంటు పోయి, పైపులు గడ్డకట్టి పగిలి, వరదలా నీళ్లు పారాయి. అలాంటప్పుడు హైదరాబాద్‌లో కూర్చున్నవాడు చేయగలిగేదేముంది? అక్కడ మధ్యాహ్నం మూడైతే వేసవిలో ఇక్కడ రాత్రి ఒకటిన్నర. ఫోను మోగేది అప్పుడే.

ఆస్తి అమ్ముకున్నవాడు చెడిపోయినవాడేనన్న ఆలోచన మనలో ఎంత లోతుగా దిగిందో కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో చూడండి. పిల్లలు అమెరికాలో, పెద్దవాళ్లు కాలం చేశారు, రెండంతస్తుల డాబాకి తాళం. దూలాలకు చెద పట్టినా అమ్మరు, ఊళ్లో ఇల్లు అవసరమైనవాడికి ఇవ్వరు. ఆ తాళాన్నే ఇప్పుడు డాలస్ పక్కనున్న ఫ్రిస్కోకీ ప్లానోకీ మోసుకుపోతున్నాం.

అన్నింటికన్నా నాకు మండేది ఒక విషయం ఎవరూ నోరెత్తకపోవడం. అమెరికా పౌరులు కాకుండా, అక్కడి స్థిరనివాసమూ వదులుకుని వచ్చినవాళ్లు చనిపోతే, వాళ్ల పేరున అక్కడున్న ఇంటి మీద ఎస్టేట్ పన్ను పడుతుంది. పౌరులకు కోటి డాలర్లకు పైగా మినహాయింపు ఉంది. వీళ్లకున్నది 60,000 డాలర్లు. ఆపైన రేటు 40 శాతం దాకా వెళ్తుంది. భార్య కూడా పౌరురాలు కాకపోతే ఆమెకు చేరే ఆస్తికీ మామూలుగా మాఫీ లేదు. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు. ఈ పన్ను మీద రెండు దేశాల మధ్య ఒప్పందం కూడా లేదు. నలభై ఏళ్లవాడికి "పిల్లలకు ఉంటుందిలే" అని ఇల్లు ఉంచుకోమంటున్నారే, ఆ పిల్లల తల్లి రేపు ఎవరికి ఎంత కట్టాలో ఒక్కరైనా చెప్పారా?

రూపాయి పడిపోతోంది, డాలరు ఆస్తి ఉండాలంటారు. డాలర్లే కావాలంటే డాలర్లుగానే ఉంచుకోండి. తిరిగొచ్చినవాళ్లకు ఇక్కడి బ్యాంకుల్లో ఆర్‌ఎఫ్‌సీ ఖాతా ఉంది, అక్కడి ఫండ్లున్నాయి. ఏది ఎంతన్నది ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లు చూసుకోవాలి. ఫండుకి పైపులు పగలవు.

హెచ్1బీ ఉద్యోగం పోయి 60 రోజుల్లో సర్దుకోవాల్సినవాళ్లకు వెంటనే అమ్మడం కుదరకపోవచ్చు. వాళ్లయినా ఏడాదికి మించి లీజు రాయకండి, అది ముగిసే నెలలోనే ఇల్లు అమ్మకానికి పెట్టండి. రిజిస్ట్రేషను కోసం విమాన టిక్కెట్టు కొనే పని కూడా లేదు. నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్ ఉంది, అక్కడ కాగితాలు నోటరీ చేస్తారు.