కళ్ళు తిరిగితే స్కానింగేనా? చెవిని చూసేదెవరు?

కళ్ళు తిరుగుతున్నాయని ఎవరైనా అంటే చాలు, మన జనాల దగ్గర నాలుగు జవాబులు రెడీగా ఉంటాయి. పైత్యం, బీపీ, నీరసం, మెడ ఎముకల అరుగుదల. పొరపాటున కూడా ఎవరూ "చెవి" అనరు. ఇంట్లోవాళ్ళు అనకపోతే సరే, ఫీజు పుచ్చుకున్న డాక్టర్లు కూడా అనకపోతేనే ఒళ్ళు మండుతుంది.

అసలు సంగతేమిటంటే, లోపలి చెవిలో మన బ్యాలెన్సు చూసుకునే భాగం ఉంది. అందులో సన్నటి కాల్షియం కార్బొనేట్ రేణువులు ఒక జిగురు పొరకి అంటుకుని ఉంటాయి. వయసు వల్లో, తలకి దెబ్బ తగిలో, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానో కొన్ని ఊడి పక్కనున్న అర్ధవృత్తాకార నాళంలోకి జారతాయి. ఇక పక్కమీద ఇటు నుంచి అటు దొర్లినా, అటక మీది డబ్బా కోసం తలెత్తినా అవి కదులుతాయి. తల ఆగినా ఇంకా తిరుగుతోందని మెదడుకి తప్పుడు కబురు వెళ్తుంది. గది గిర్రున తిరిగి, మామూలుగా నిమిషంలోపే ఆగుతుంది. దీని పేరు బీపీపీవీ. తల తిరుగుడికి అతి సాధారణమైన కారణాల్లో ఇదొకటి.

దీన్ని కనిపెట్టే పరీక్షని డిక్స్, హాల్‌పైక్ అనే ఇద్దరు 1952లోనే చెప్పారు. తలని 45 డిగ్రీలు పక్కకి తిప్పి, మనిషిని చటుక్కున వెనక్కి పడుకోబెట్టి, కనుగుడ్లు ఎలా కొట్టుకుంటున్నాయో చూడాలి. అంతే! కావాల్సింది ఒక బల్ల. వైద్యం జాన్ ఎప్లీ అనే అమెరికా డాక్టరుది. తలని ఒక వరసలో తిప్పుతూ రేణువుల్ని నాళంలోంచి బయటికి జార్చడం. 1980లో ఆయన చూపిస్తే సాటి డాక్టర్లు నమ్మలేదు, 1992లో గానీ పేపరు అచ్చుకాలేదు. ఐదు నిమిషాల పని. చాలామందికి ఒకటి రెండుసార్లతో తగ్గిపోతుంది.

మరి మన దగ్గర? మా అమ్మకి పడుకుంటే గది తిరిగేది. ఒక పెద్దాసుపత్రిలో మెదడుకి ఎమ్మారై, మెడకి ఎక్స్‌రే, రక్త పరీక్షలు, మెడకో పట్టీ, రెండు నెలలకి మాత్రలు. అందరూ రిపోర్టులు చూశారు, ఒక్కరు కూడా అమ్మని పడుకోబెట్టి కళ్ళు చూడలేదు. చివరికి మా టౌన్లో ఒక ఈఎన్‌టీ డాక్టరుగారు పాత రెగ్జిన్ బల్ల మీద పది నిమిషాల్లో తేల్చేశారు.

బగ్గుని ఒక్కసారైనా రీప్రొడ్యూస్ చెయ్యకుండా సర్వర్లన్నీ మార్చేస్తే మీ మేనేజరు ఊరుకుంటాడా? ఇక్కడ మాత్రం ఊరుకుంటాం. ఎందుకంటే "ఒకరోజు అబ్జర్వేషన్లో పెడదాం" అనగానే కంపెనీ ఇన్సూరెన్సు కార్డు ఉంది కదా!

"మెదడులో ఏమన్నా ఉంటేనో?" అంటారా. నిజమే. మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒకటి రెండుగా కనిపించినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, నిలబడలేకపోయినా అది పక్షవాతం కావచ్చు, తక్షణం ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోయినా ఆలస్యం చెయ్యకూడదు. కానీ ఇవేవీ లేకుండా, పరీక్షలో కళ్ళే సాక్ష్యం చెబుతుంటే స్కానింగు వద్దనీ, తల తిరుగుడు అణిచే మాత్రలు అలవాటుగా రాయొద్దనీ అమెరికా ఈఎన్‌టీ వైద్యుల అకాడమీ 2017లో సవరించిన మార్గదర్శకాలే చెబుతున్నాయి. మాత్ర మత్తిస్తుంది, రేణువుని కదపదు. ఆ మత్తులో పెద్దవాళ్ళు బాత్రూములో జారితే తుంటి ఎముక మాటేమిటి?

కాబట్టి ఊరి నుంచి "కళ్ళు తిరుగుతున్నాయిరా" అని ఫోనొస్తే మూడు ప్రశ్నలడగండి. ఎప్పుడు, పడుకున్నప్పుడా? ఎంతసేపు? ఏ పక్కకి తిరిగితే? తర్వాత డాక్టరుని ఒకే ఒక్కటి అడగండి: "డిక్స్-హాల్‌పైక్ చేశారా అండీ?" వీడియో చూసి మీరే అమ్మ మెడ తిప్పేయకండి, ఏ చెవో ఏ నాళమో తెలియాలి. కానీ అడగండి. అడిగినందుకు బిల్లు వెయ్యరు.