ఒక్కసారి ఇచ్చి ఆగిపోయినవాళ్లను అడగండి

రక్తదానం చేసి లేచిన కుర్రాడి చేతికి పళ్లరసంతో పాటు ఒక ఫారం కూడా ఇస్తున్నారు చాలా శిబిరాల్లో. ఏర్పాట్లు ఎలా ఉన్నాయి, మళ్లీ రక్తం ఇస్తారా అని అందులో ప్రశ్నలు. మంచి పని చేశానన్న తృప్తిలో ఉన్నవాడు ఏం రాస్తాడు? బాగున్నాయనీ, తప్పకుండా ఇస్తాననీ రాస్తాడు. సంస్థ వాళ్లు ఆ ఫారాలు చూసుకుని సంతోషిస్తారు. వేసవిలో కాలేజీలు మూతపడగానే నిల్వలు అడుగంటుతాయి. వాట్సాప్ నిండా విజ్ఞప్తులు మొదలవుతాయి.

మన నిబంధనల ప్రకారం మగవాళ్లు 90 రోజులకు, ఆడవాళ్లు 120 రోజులకు ఒకసారి రక్తం ఇవ్వవచ్చు. ఎర్ర రక్తకణాలను మహా అయితే 42 రోజులు దాచగలం, ప్లేట్‌లెట్లను 5 రోజులే. తలసీమియా ఉన్న పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. 1998లో చిరంజీవి బ్లడ్ బ్యాంకు మొదలయ్యాక అభిమాన సంఘాలు రక్తదానాన్ని ఊరూరికీ తీసుకెళ్లాయి. అది చిన్న విషయం కాదు. కానీ హీరో పుట్టినరోజు నాడు కిక్కిరిసిన శిబిరంలో తీసిన రక్తం రెండు నెలల తర్వాత వచ్చే బిడ్డకు ఉపయోగపడదు. మళ్లీ మళ్లీ వచ్చే దాత కావాలి. అలా ఎందుకు రావడం లేదో తెలియాలంటే, రానివాళ్లనే అడగాలి.

జవాబిచ్చినవాళ్ల మాటే అందరి మాట అనుకుంటే ఏమవుతుందో 1936 అధ్యక్ష ఎన్నికల్లో అమెరికా చూసింది. లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి లాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. అన్ని లక్షల జవాబులూ మిగతావాళ్ల మనసు చెప్పలేకపోయాయి.

ఆగిపోయిన దాతలతో కాసేపు మాట్లాడితే ఫారాల్లో ఎక్కడా కనిపించని సంగతులు బయటపడతాయి. ఒకరికి కళ్లు తిరిగాయి, పక్కన ఎవరూ లేరు. ఇంకొకరి నంబరు ఏదో గ్రూపులోకి పోయి అర్ధరాత్రి ఫోన్లు వచ్చాయి. నన్ను ఎక్కువగా బాధపెట్టేది మాత్రం వెనక్కి పంపిన ఆడవాళ్ల విషయం. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు ఉంటేనే రక్తం తీసుకుంటారు. అంతకన్నా తక్కువ ఉందని చెప్పి పంపేస్తారు. ఎందుకు తగ్గింది, ఏం తినాలి, ఎవరికి చూపించుకోవాలి అన్నది చాలాచోట్ల ఎవరూ చెప్పరు. సాయం చేద్దామని వచ్చిన మనిషి తనలోనే ఏదో లోపం ఉందన్న దిగులుతో ఇంటికెళ్తుంది. రక్తం ఇవ్వలేదు కాబట్టి ఆమె పేరు దాతల జాబితాలో ఉండదు. సర్వే ఆమె దాకా వెళ్లదు.

కాబట్టి శిబిరానికి వచ్చిన ప్రతి ఒక్కరి పేరూ రాసుకోవాలి. కొన్ని నెలలయ్యాక ఫోన్ చేయాలి. ఎందుకు రావడం లేదని అడిగితే ఎవరైనా నొచ్చుకుంటారు. ఆ రోజు వచ్చినప్పటి నుంచి వెళ్లేదాకా ఎలా గడిచిందో చెప్పమంటే మనసు విప్పుతారు. అడిగేది ఆ శిబిరంలో పనిచేసినవాళ్లు కాకపోతే ఇంకా మంచిది. ఆ ఫోన్‌లోనే మళ్లీ రక్తం ఇమ్మనో, విరాళం పంపమనో అడగకూడదు. సర్వే పేరు చెప్పి చందా వసూలు చేయడం మార్కెట్ పరిశోధనా సంఘాల నియమావళిలోనే తప్పు. ఒక్కసారి అలా చేస్తే రెండోసారి ఫోన్ ఎత్తరు. నంబరు ఎందుకు తీసుకుంటున్నారో ముందే చెప్పి, అందుకే వాడాలి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సారం కూడా అదే.

విన్న తర్వాత ఏం మార్చారో విన్నవాళ్లే తిరిగి చెప్పాలి. మన సంస్థలు ఎక్కువగా వదిలేసేది ఈ మెట్టునే. స్వీడన్‌లో దాత రక్తాన్ని రోగికి ఎక్కించినప్పుడు అతని ఫోన్‌కు సందేశం వెళ్తుంది. తానిచ్చింది ఒకరికి చేరిందన్న కబురు అది. ఇక్కడ అంత సాంకేతిక ఏర్పాటు లేకపోయినా, 'మీరు చెప్పాక మంచాల దగ్గర ఒక మనిషిని పెట్టాం, మీ నంబర్లు ఇక బయటికి ఇవ్వం' అని రెండు వాక్యాల సందేశం పంపడానికి ఏం అడ్డు?

అక్టోబరు 1 జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినోత్సవం. బ్యానర్లు కట్టేలోపు ప్రతి బ్లడ్ బ్యాంకూ కిందటేడు ఆ రోజు వచ్చి మళ్లీ కనబడని వాళ్ల జాబితా తీసి, వాళ్లలో ఒక యాభై మందికైనా ఫోన్ చేయాలి. హిమోగ్లోబిన్ తక్కువై వెనుదిరిగిన ఆడవాళ్ల పేర్లు ఎక్కడైనా రాసి ఉంటే వాళ్లతోనే మొదలుపెట్టాలి.